మూడు రిజిస్టర్లలో ఒకే మనిషి: నిరాశ్రయుల పునరావాసంలో పట్టణాల మధ్య సమన్వయంపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని వ్యక్తిని అప్పన్న గారు అని పిలుస్తున్నాను. అది ఆయన అసలు పేరు కాదు. ఊళ్ల పేర్లు, ఆసుపత్రి పేరు, గుర్తుపట్టడానికి వీలిచ్చే కుటుంబ వివరాలు వదిలేశాను, కొన్నింటిని మార్చాను. ఇలా రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. రాసినదంతా చదివి వినిపించాక ఒక్క వాక్యం తీసేయమన్నారు, తీసేశాను.

నేపథ్యం

మేము పనిచేసే ప్రాంతంలో, కోస్తా ఆంధ్రలో, దగ్గర దగ్గరగా మూడు పట్టణాలున్నాయి. ఒకటి పెద్ద రైల్వే జంక్షన్, రెండోది ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్న జిల్లా కేంద్రం, మూడోది ఏడాది పొడవునా యాత్రికులు వచ్చే గుడి ఊరు. రోడ్డు మీద బతికే మనిషికి ఈ మూడూ కలిపి ఒకే ఊరు. జంక్షన్‌లో రైలు దిగుతాడు, జబ్బు చేస్తే జిల్లా కేంద్రానికి వెళతాడు, పండగలకీ పర్వదినాలకీ అన్నదానం ఉంటుందని గుడి ఊరు చేరతాడు. పాలనా లెక్కలో మాత్రం ఇవి మూడు పురపాలక సంఘాలు, రెండు జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆసుపత్రి ఒక జిల్లాలోనూ, జంక్షన్‌లోని వసతి గృహం మరో జిల్లాలోనూ పడ్డాయి. అంతకుముందు ఒక కలెక్టరు కార్యాలయంలో తేలిపోయే విషయానికి ఆ తర్వాత రెండు కార్యాలయాల మధ్య ఉత్తరాలు నడవాల్సి వచ్చింది.

నిరాశ్రయుల వసతి ఎవరి దయ మీదా ఆధారపడిన విషయం కాదు. 2001లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాలతో, పట్టణ జనాభాలో ప్రతి లక్ష మందికి కనీసం వంద మంది తలదాచుకునే వసతి గృహం ఉండాలనీ, అది ఏడాదంతా రాత్రింబవళ్లు తెరిచి ఉండాలనీ ఒక ప్రమాణం స్థిరపడింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఆ ప్రమాణాన్నే తన మార్గదర్శకాల్లో చేర్చుకుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ పని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా చేతికి వచ్చింది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలనీ, గృహం రైల్వే స్టేషన్లకూ బస్టాండ్లకూ మార్కెట్లకూ దగ్గరగా ఉండాలనీ, కోలుకుంటున్న రోగుల కోసం ప్రత్యేక వసతి ఏర్పాటు చేయాలనీ ఆ మార్గదర్శకాలు చెప్పాయి. అమలు సరిగా లేదన్న ఫిర్యాదుల మీద 2016లో సుప్రీంకోర్టు జస్టిస్ కైలాశ్ గంభీర్ నాయకత్వంలో ఒక కమిటీని కూడా వేసింది. ఇవన్నీ విలువైనవే. కానీ ఇందులో జనాభా లెక్క పట్టణానిది, నిధులు పట్టణానివి, నిర్వహణ కమిటీ పట్టణానిది. మనిషి మాత్రం పట్టణం దాటి తిరుగుతూ ఉంటాడు.

లెక్కల దగ్గరా ఇదే చిక్కు. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది, అందులో పట్టణాల్లో 9.38 లక్షల మంది తేలారు. ఆ రాత్రి ఆసుపత్రి మంచం మీద పడుకుని, మర్నాడు డిశ్చార్జ్ అయి ప్లాట్‌ఫారం చేరిన మనిషి ఆ లెక్కలోకి రాడు. మా ప్రాంతంలో రోడ్డున పడుతున్నవారిలో ఇలాంటివారు కొద్దిమంది కాదని అప్పన్న గారి కేసు వచ్చాకే మాకు స్పష్టంగా కనిపించింది.

సమస్య మా ముందుకు వచ్చిన తీరు

మూడు పట్టణాల మెప్మా సిబ్బంది, వసతి గృహాలు నడిపే స్వచ్ఛంద సంస్థలు, రైల్వే పోలీసులు, ఆసుపత్రి ప్రతినిధి, గుడి ఊరి పోలీసులు నెలకోసారి కూర్చునేవాళ్లం. ప్రతి ఒక్కరూ తమ సంఖ్యలు చదివేవారు. ఎంతమందిని చేర్చుకున్నాం, ఎంతమందిని ఇళ్లకు పంపాం, ఎంతమందిని తరలించాం అన్నవే ఆ సంఖ్యలు. అన్నీ కలిపితే ప్రాంతంలో నిరాశ్రయులు దాదాపు ఉండకూడదు. స్టేషన్ ముందు పడుకునేవారు మాత్రం తగ్గలేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు కాబట్టి, ఒక సమావేశానికి సంఖ్యలు వద్దనీ రిజిస్టర్లే తెచ్చుకుందామనీ ప్రతిపాదించాం.

ఆసుపత్రి రిజిస్టరులో ఒక పేరు ఉంది. ఎడమ తొడ ఎముక విరిగింది, రాడ్ వేశారు, అటెండర్ (రోగికి తోడుండే మనిషి) లేరు, మెరుగైన స్థితిలో డిశ్చార్జ్ అని దాని ఎదుట రాసి ఉంది. జంక్షన్ వసతి గృహం రిజిస్టరులో మరో పొట్టి పేరు, కాలు బాగోలేదన్న మాట, చివరి గడిలో ‘స్వచ్ఛందంగా వెళ్లిపోయారు’. గుడి ఊరి జాబితాలో పేరు సరిగా లేదు. యాచకుడు, ఎడమ కాలు కుంటి, జంక్షన్‌కు తరలింపు అని మాత్రమే ఉంది. పేర్లు మూడు రకాలుగా ఉన్నా వయసు దగ్గర దగ్గరగా ఉంది, కాలు ఒకటే. వసతి గృహం కేర్‌టేకర్ ఇంకో ఆనవాలు చెప్పారు: తొడ పక్కన కుట్ల గీత కింది కొసన చిన్న రంధ్రం, అందులోంచి ఎప్పుడూ కారే చీము, దాని మీద పసుపు గుడ్డ కట్టు. ఆసుపత్రి నుంచి వచ్చిన స్టాఫ్ నర్స్ వెంటనే గుర్తుపట్టారు. ఆమె ఆయనకు రెండుసార్లు డ్రెస్సింగ్ చేశారట.

మూడు చోట్లా ఆయన కేసు ‘ముగిసింది’. ఏ ఒక్కరూ అబద్ధం రాయలేదు. ఎవరి గుమ్మం దాకా వారి పని పూర్తయింది. ఒక గుమ్మం దాటి ఇంకో గుమ్మం చేరేలోపు ఆయన ఎవరి లెక్కలోనూ లేరు.

ఆయన్ని ప్లాట్‌ఫారం చివర, పాదచారుల వంతెన మెట్ల కింద కలిశాం. ఒక చంక కర్ర ఉంది, రెండోది పోయింది. ఉత్తరాంధ్ర నుంచి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని సెంట్రింగ్ పనికి వచ్చిన మనిషి. రెండో అంతస్తు స్లాబ్ పని చేస్తుండగా పడిపోయారు. మేస్త్రీ ఆసుపత్రిలో చేర్చి వెళ్లాడు, తర్వాత ఫోను ఎత్తలేదు. ఆపరేషన్ ఉచితంగానే జరిగింది. డిశ్చార్జ్ నాటికి పని చోట వేసిన రేకుల షెడ్డులో ఆయన చోటు మరొకరికి పోయింది. కాగితాలున్న సంచి గుడి ఊళ్లో ఉత్సవాలకు ముందు జనాన్ని వ్యానుల్లో ఎక్కించి పంపించినప్పుడు పోయింది.

ఏం కావాలని అడిగితే ఆయన ఇల్లు అడగలేదు, డబ్బు అడగలేదు. “ముందు ఈ పుండు మానాల బాబూ. మానితే పని నానే సూసుకుంతాను” అన్నారు. ఇంటికి వెళతారా అంటే, “నానెల్లను. ఎల్తే ఆలకి బరువే గదా” అన్నారు. ఈ రెండు మాటలనూ కేసు ఫైలు మొదటి పేజీలో ఆయన మాటల్లోనే రాయించాం. కార్యాలయాలు తమ దగ్గర ఉన్నదాన్నే అవతలివారి అవసరంగా రాసుకోవడం సహజంగా జరిగిపోతుంది. వసతి గృహం ఉన్నవారికి మనిషికి పడక కావాలనిపిస్తుంది, బస్సు ఛార్జీ ఇవ్వగలవారికి ఇల్లు చేరాలనిపిస్తుంది. ఆయన చెప్పిన వరస కళ్ల ముందు ఉంటే ఆ జారుడు కొంతైనా ఆగుతుందని అనుకున్నాం.

మొదట చేసినవి

వసతి గృహంలో తిరిగి చేర్చడం అన్నిటికంటే తేలికైన అడుగు, ముందు అదే వేశాం. పుండుకు రోజూ కట్టు మార్చాలి, ప్లాట్‌ఫారం మీద అది కుదరదు కాబట్టి నిర్ణయం సరైనదే. కానీ ఆయన కొద్ది రోజుల్లోనే మళ్లీ స్టేషనుకు వెళ్లిపోయారు. రిజిస్టరులో మళ్లీ ‘స్వచ్ఛందంగా’ అన్న మాట రాసే ముందు కారణం కనుక్కోవాలని కేర్‌టేకర్‌ను కోరాం. వసతి గృహం పాత పురపాలక భవనం మొదటి అంతస్తులో ఉంది. మరుగుదొడ్డి కింద వెనక వైపు. రాత్రిపూట ఒక కర్ర మీద మెట్లు దిగి ఎక్కడం ఆయన వల్ల కాలేదు. ఒకసారి పక్క మీదే తడిసింది, తోటివారు మాటలన్నారు. రాత్రి నొప్పి ఓర్చుకోలేక తాగేవారు, తాగి వస్తే లోపలికి రానివ్వరు. ప్లాట్‌ఫారం మీద మరుగుదొడ్డి నేల మట్టానే ఉంది. ఆయన వైపు నుంచి చూస్తే ఆ ఎంపికలో మూర్ఖత్వం ఏమీ లేదు.

ఈ దశలో ఒక పోలీసు అధికారి మానసిక ఆసుపత్రికి పంపుదామన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆ మనిషి నిద్రపోడు, తనలో తాను మాట్లాడుకుంటాడు, అక్కడైతే పడకా తిండీ ఉంటాయన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం దిక్కులేక తిరుగుతున్న మానసిక రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలలో పరీక్ష చేయించాలి. అదే చట్టం, ఇల్లు లేదన్న కారణం ఒక్కదానితోనే ఎవరినీ మానసిక వైద్యశాలలో ఉంచకూడదనీ చెబుతుంది. అందుకని పరీక్ష వరకు ఒప్పుకున్నాం, చేర్చడానికి ముందే తలూపలేదు. జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యులు పరీక్షించి, దిగులు, నిద్రలేమి, మద్యం అలవాటు ఉన్నాయనీ, చేర్చాల్సిన అవసరం లేదనీ, ముందు కాలి నొప్పి తగ్గించమనీ రాసిచ్చారు. ఆ చీటీ తర్వాత చాలాసార్లు ఉపయోగపడింది. ఆయన్ని ఎక్కడికో పంపించేయాలన్న మాట వచ్చిన ప్రతిసారీ దాన్నే చూపించాం.

తర్వాతి ప్రయత్నం కుటుంబంతో కలపడం. ఆధార్ నంబరు గుర్తులేదు, ఫోను నంబరు ఎప్పుడో పోయింది. ఆధార్ కేంద్రంలో పేరు, జిల్లా చెప్పి వేలిముద్రతో వెతికించాం. సిమెంటు, కంకర పనిలో అరిగిపోయిన వేళ్లు యంత్రానికి పట్టలేదు. కంటిపాప ముద్రతో రికార్డు దొరికింది. ఈ పద్ధతి మాలాంటి పనిలో ఉన్నవారందరూ గుర్తుంచుకోవాల్సినది: వేలిముద్ర పడలేదంటే ఆధార్ లేదని అర్థం కాదు. చిరునామాను బట్టి గ్రామ సచివాలయానికి ఫోన్ చేశాం, తమ్ముడు మాట్లాడాడు, పంపించండి అన్నాడు. తోడుగా ఒక కార్యకర్త వెళ్లారు, తమ్ముడి చేత అప్పగింత రశీదు మీద సంతకం పెట్టించుకున్నారు, ఫొటో తీశారు. ఆ నెల నివేదికలో ‘కుటుంబంతో పునఃకలయిక’ కింద ఆయన పేరు చేరింది.

ఎక్కడ దెబ్బతింది

కొన్ని వారాలకే ఆయన జంక్షన్‌లో తిరిగి కనిపించారు.

దీన్ని ఆయన నిలకడలేనితనంగా చూడటం తేలిక, సమావేశంలో ఒకరిద్దరు అలాగే అన్నారు. ఊళ్లో ఏం జరిగిందో విడివిడిగా ఆయన్నీ, తమ్ముణ్నీ, సచివాలయ సంక్షేమ సహాయకుణ్నీ అడిగి రాసుకున్నాక వేరే చిత్రం తేలింది. ఇల్లు రెండు గదులు, తమ్ముడి పెళ్లాం పిల్లలతో నిండి ఉంది. భార్య చాలా కాలం క్రితమే కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరలేదు, ఆ మేస్త్రీ తరపువాళ్లు ఊరివాళ్లే, వాకిట్లోకి వచ్చి అడిగారు. డ్రెస్సింగ్‌కు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా ఆటో కావాలి, ఆటోకు తమ్ముడు డబ్బివ్వాలి. తమ్ముడు పొమ్మనలేదు. ‘బరువే గదా’ అని ఆయన ముందే చెప్పిన మాట ఊళ్లో నిజమైంది.

అప్పగింత రశీదు కాగితంగా సరిగ్గానే ఉంది. అది ఇచ్చేవాడి చేతులు ఖాళీ అయినట్టు చెబుతుంది. తీసుకున్నవాడి చేతుల్లో మోసే సత్తువ ఉందో లేదో దానిలో గడి లేదు. ఆసుపత్రి డిశ్చార్జ్‌కూ, గుడి ఊరి తరలింపుకూ, మా పునఃకలయికకూ లోపల ఉన్న నమూనా ఒకటే: పంపించిన రోజుతో లెక్క మూసేయడం. ఈ సంగతి ఒప్పుకున్న తర్వాతే మూడు పట్టణాల మధ్య మాట కొత్తగా మొదలైంది.

నిలిచిన పద్ధతి

ముందుగా సంఖ్యలకు బదులు పేర్ల జాబితా పెట్టుకున్నాం. మూడు పట్టణాలకూ ఒకే జాబితా. మనిషి పేరు, పిలుపు పేరు, ఒంటి మీది ఆనవాలు, తనకేం కావాలన్నారో వారి మాటల్లో, ఇప్పుడు ఎక్కడున్నారు, ఎవరి బాధ్యత. ఈ చివరి గడిలో శాఖ పేరు రాయకూడదు, ఒక మనిషి పేరూ ఫోను నంబరూ రాయాలి. అవతలి పట్టణంలో ఇంకో మనిషి ‘నేను తీసుకున్నాను’ అని చెప్పేదాకా పాత పేరు చెరగదు. వారానికోసారి ఫోనులోనే మాట్లాడుకుని, స్థానం మారినవారి పేర్లు మాత్రమే చదువుకునేవాళ్లం. అమెరికా, కెనడాల్లో అనేక నగరాలు ఇలా పేరుపేరునా జాబితాతో పనిచేస్తున్నాయి, ఆలోచన కొత్తది కాదు. మాకు కష్టమైంది సాంకేతికత కాదు, జాబితా ఎవరు చూడవచ్చు అన్న ప్రశ్న.

పోలీసులు మొత్తం జాబితా అడిగారు. తప్పిపోయినవారి ఫిర్యాదులతో సరిచూడటానికి అది పనికొస్తుందన్న వాదనలో బలం ఉంది. కానీ రోడ్డు మీద పడుకునేవాడి పేరు ఒకసారి ఆ చేతికి చేరితే, ఏ దొంగతనం జరిగినా మొదట పిలిచేది అతణ్నే అన్న భయం అందరిలో ఉంది. ఆ భయం ఉంటే ఎవరూ అసలు పేరు చెప్పరు, అబద్ధపు పేర్ల జాబితా ఎవరికీ అక్కరకు రాదు. చివరికి ఒక పద్ధతి మీద ఒప్పందం కుదిరింది. పోలీసులు తప్పిపోయినవారి ఫొటో పంపితే మేము సరిచూసి, ఆ వ్యక్తి ఒప్పుకుంటే చెబుతాం. పెద్దవారైతే వారికి ఇష్టం లేకుండా ఇంటివారికి ఆచూకీ ఇవ్వం, క్షేమంగా ఉన్నారని మాత్రం చెబుతాం. కులం, పాత కేసులు, మతం గడులు జాబితాలో పెట్టలేదు. ఈ ఒప్పందానికి చాలా సమయం పట్టింది, కానీ ఇది లేకపోతే మిగతాదేదీ నిలిచేది కాదని నా నమ్మకం.

రెండోది ఆసుపత్రి గుమ్మం. అటెండర్ లేని రోగి పేరు డిశ్చార్జ్ నిర్ణయమైన రోజునే, అంటే పంపడానికి ముందే, జంక్షన్ లేదా జిల్లా కేంద్రం వసతి గృహానికి ఫోనులో చెప్పాలని ఆసుపత్రి ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారు ఒప్పుకున్నారు. మేము దానికి ప్రతిగా ఇవ్వాల్సింది కోలుకునేవారికి తగిన చోటు. పురపాలక భవనం కింది అంతస్తులో బ్లీచింగ్ బస్తాలు పెట్టే గది ఒకటుండేది. మార్గదర్శకాల్లో కోలుకుంటున్న రోగులకు ప్రత్యేక వసతి గురించి ఉన్న భాగం చూపించి కమిషనర్ గారిని అడిగాం, బస్తాలు వేరే చోటికి వెళ్లాయి. నాలుగు మంచాలు, పక్కనే మరుగుదొడ్డి, గోడకు పట్టుకునే ఇనుప కమ్మీ. అప్పన్న గారు అందులో మొదటి మంచం మీద చేరారు.

ఎముక అతికిందనీ, చీముకు కారణం రాడ్ చుట్టూ చేరిన ఇన్ఫెక్షన్ అనీ ఎముకల డాక్టరు గారు చెప్పారు. రాడ్ తీసి, గాయం శుభ్రం చేసి, చాలా వారాలు మందులు వాడాలి. ఇంతకుముందు ఈ ఆపరేషన్ వాయిదా వేయడానికి అసలు కారణం వైద్యపరమైనది కాదు. ఆ తర్వాత చూసుకునేవారు లేరన్నదే. కింది గదిలో మంచం ఉందని రాసివ్వగానే తేదీ వచ్చింది. ఒక వసతి ఏర్పాటు ఒక శస్త్రచికిత్సను సాధ్యం చేసిందని మా పై అధికారులకు ప్రతి నివేదికలోనూ చెబుతున్నాను. వైద్యం ఒక శాఖదీ వసతి ఇంకో శాఖదీ కావచ్చు, రోగి దగ్గర అవి విడిగా ఉండవు.

మద్యం మీద మా మధ్య గట్టి వాదనే జరిగింది. తాగడం మానితేనే కింది గదిలో ఉండనివ్వాలని కొందరు, ముందు చోటిచ్చి తర్వాత ఆ మాట ఎత్తాలని కొందరు. ఫిన్లాండ్ 2008 నుంచి నడుపుతున్న విధానంలో ముందు ఇల్లిస్తారు, మానేయడం షరతు కాదు. అక్కడ ఏళ్ల తరబడి ఇల్లు లేక తిరిగినవారి సంఖ్య బాగా తగ్గింది. వారి దగ్గర ఇళ్లున్నాయి, మా దగ్గర నాలుగు మంచాలున్నాయి కాబట్టి ఆ ఉదాహరణ ఒక్కటే సరిపోదు. మేము తీసుకున్న నిర్ణయానికి ఆధారం వేరు: ఆయన రాత్రిపూటే తాగుతారు, నొప్పి రాత్రిపూటే ఎక్కువ. నొప్పికి సరైన మందు రాత్రి భోజనం తర్వాత చేతికిచ్చి చూద్దాం, గొడవ చేస్తే మాత్రం గది బయటి బెంచీ మీద పడుకోవాలి, గేటు బయటికి పంపం అన్నాం. ఆపరేషన్ తర్వాత తాగడం చాలా తగ్గింది. పూర్తిగా మానలేదు, ఇప్పటికీ మానలేదు, అయినా ఆయన రోడ్డు మీద లేరు.

పుండు మానాక ఎక్కడుండాలన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. వసతి గృహంలోనే ఏళ్ల తరబడి ఉంచితే కింది మంచం ఇంకో రోగికి దక్కదు. ఊరు కుదరదని ఒకసారి తేలింది. చెన్నైలోని బ్యానియన్ సంస్థ 2015 నుంచి ‘హోమ్ ఎగైన్’ పేరుతో, ఆసుపత్రిలో దీర్ఘకాలం ఉండిపోయిన మానసిక రోగులను మామూలు వీధుల్లోని అద్దె ఇళ్లలో కొద్దిమంది చొప్పున కలిపి ఉంచుతోంది. ఆ పద్ధతిని మా స్థాయికి కుదించుకున్నాం: జిల్లా కేంద్రంలో మార్కెట్ వెనక వీధిలో ఒక గది, వరండా, నేల మట్టాన మరుగుదొడ్డి, అప్పన్న గారూ, జాబితాలోని మరో ఇద్దరూ. జంక్షన్ కాకుండా జిల్లా కేంద్రాన్ని ఎంచుకోవడానికి కారణం ఆసుపత్రి నడక దూరంలో ఉండటం, పాత స్నేహాలూ సారా కొట్టూ దూరంగా ఉండటం. ఇంటి యజమానురాలు మొదట భయపడ్డారు. అడ్వాన్సుకు, మొదటి కొన్ని నెలల అద్దెకు సంస్థ హామీ ఉంటుందనీ, ఏ సమయంలోనైనా ఫలానా మనిషికి ఫోన్ చేయవచ్చనీ కాగితం మీద రాసిచ్చాకే తాళం ఇచ్చారు. ఆమె ఆ నంబరుకు ఫోన్ చేసిన ప్రతిసారీ మనిషి వెళ్లాడు. అద్దె ఇల్లు నిలబడటానికి అద్దె డబ్బు ఎంత ముఖ్యమో, యజమానికి పలికే గొంతు అంత ముఖ్యం.

ఆదాయం లెక్కలో పింఛనును కలపలేదు. సదరం శిబిరంలో వైకల్యం 40 శాతానికి పైగానే నమోదైంది, దరఖాస్తు పెట్టాం. దివ్యాంగులకు నెలకు రూ.6,000 వస్తే జీవితమే మారిపోతుంది, కానీ కొత్త మంజూరు ఎప్పుడో తెలియని డబ్బు మీద అద్దె ఒప్పందం చేయడం ప్రమాదకరం. ఆయన కూర్చుని చేయగలిగే పని వెతికాం. మార్కెట్ దగ్గర సైకిల్, మోటారు సైకిల్ స్టాండులో టోకెన్లు ఇచ్చే పని దొరికింది. జీతం తక్కువ. మధ్యాహ్నం అన్న క్యాంటీన్‌లో 5 రూపాయల భోజనం, సొంత జిల్లాలో ఉన్న రేషన్ కార్డు మీదే ఇక్కడి దుకాణంలో బియ్యం. ఈ రెండూ కలిస్తేనే ఆ జీతంతో అద్దె వాటా కట్టగలిగారు. ఏ ఒక్క పథకమూ ఆయన్ని నిలబెట్టలేదు. ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చేలా ఒక మనిషి కూర్చుని లెక్క కట్టాల్సి వచ్చింది.

కుటుంబం సంగతి ఆ తర్వాత వచ్చింది. మేము తొందరపెట్టలేదు. మొదట కూతురితో ఫోను, తర్వాత ఆమె ఒకసారి వచ్చి చూసి వెళ్లడం, ఆపైన సంక్రాంతికి ఆయన ఊరు వెళ్లి మూడు రోజులుండి గదికి తిరిగి రావడం. రావడానికి తనకంటూ ఒక చోటు ఉంది కాబట్టే ఆయన వెళ్లగలిగారని నా అభిప్రాయం. తమ్ముడితో మాటలు బాగున్నాయి.

నేర్చుకున్నవి

ప్రాంతీయ సమన్వయం అనగానే కమిటీ, సమావేశం, మినిట్స్ గుర్తొస్తాయి. మాకు పనికొచ్చినవి అంతకంటే చిన్నవి: మనిషి చేతులు మారే చోట ఒక నియమం, ఆ నియమానికి జవాబుదారీగా ఒక పేరు. ఇప్పుడు మా జాబితాలో ఇంటికి పంపినవారి పేరు వెంటనే ముగియదు. కనీసం ఆరు నెలల పాటు నెలకోసారి అవతలి సచివాలయానికీ, ఆ మనిషికీ ఫోన్ చేసి రాయాలి. దీనితో నివేదికల్లో విజయాల సంఖ్య తగ్గింది. పై నుంచి ప్రశ్నలు వచ్చాయి, జవాబు చెప్పాం. తక్కువ సంఖ్యతో నిజం చెప్పడానికి పై అధికారి అనుమతి ముందే తీసుకోవడం మంచిదని ఈ పనిలోకి వచ్చేవారికి చెబుతున్నాను. లేదంటే ఒత్తిడికి లొంగి జాబితా మళ్లీ పాత దారి పడుతుంది.

గుడి ఊరి తరలింపుల విషయంలో సగమే సాధించాం. ఉత్సవాలకు ముందు తరలించకుండా ఆపలేకపోయాం, కానీ ముందు రోజు జాబితా మాకు పంపడానికీ, మనుషుల సంచులను వారితోనే ఎక్కించడానికీ ఒప్పుకున్నారు. సంచి చిన్న విషయంలా అనిపించవచ్చు. అందులో డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ, ఆధార్ నకలు ఉంటాయి. అది పోతే ఆ మనిషితో చేసిన పని మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయాలి.

నివారణ గురించి ఈ కేసు చెప్పేది ఇంకా వెనక్కి, ప్రమాదం జరిగిన రోజుకు వెళుతుంది. అప్పట్లో 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద ఏడాదిలో 90 రోజులు పనిచేసిన కార్మికుడు సంక్షేమ బోర్డులో నమోదు కావడానికి వీలుండేది. అప్పన్న గారి వంటి వలస సెంట్రింగ్ కూలీ పని చోటి నుంచి పని చోటికి మారుతూ నమోదు కాకుండానే మిగిలిపోతాడు. అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం మేస్త్రీ కనిపించకపోయినా, తన వ్యాపారంలో భాగంగా ఆ పని చేయిస్తున్న బిల్డరు బాధ్యత వహించాలి. క్లెయిము ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. గడువు ముగియవస్తుండగా వేయించాం. అడ్డుపడిందల్లా ఆసుపత్రి ప్రమాద రిజిస్టరులోని ఒక వాక్యం. చేర్చిన మేస్త్రీ చెప్పిన ప్రకారం అందులో ‘ఇంట్లో జారి పడ్డారు’ అని ఉంది. స్పృహలోకి వచ్చాక ఆయన్ని ఎవరూ మళ్లీ అడగలేదు. తోటి కూలీలిద్దరి సాక్ష్యమూ, ఒకరి ఫోనులో దొరికిన పని చోటి ఫొటోలూ ఇప్పుడు ఆ వాక్యంతో పోరాడుతున్నాయి. విచారణ ఇంకా నడుస్తోంది.

దీని తర్వాత ఆసుపత్రితో కలిసి ఒక చిన్న ఫారం తయారుచేశాం. అటెండర్ లేకుండా చేరిన, లేదా చేర్చినవారు వెళ్లిపోయిన ప్రతి ప్రమాద రోగినీ తెలివి వచ్చాక, ఎవరూ పక్కన లేనప్పుడు వార్డు నర్సు మూడు ప్రశ్నలు అడుగుతారు: ఎక్కడ పడ్డారు, ఎవరి దగ్గర పని చేస్తున్నారు, ఇక్కడి నుంచి ఎక్కడికి వెళతారు. మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ రోజే మాకు ఫోన్ వస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు ఉంటే కార్మిక శాఖకు కబురు వెళుతుంది. జిల్లా కేంద్రం ఆసుపత్రిలో ఎముకల వార్డు, సర్జరీ వార్డు దీన్ని వాడుతున్నాయి. జంక్షన్ పట్టణంలోని ఆసుపత్రి అవతలి జిల్లాలో ఉన్నందున అక్కడి అధికారుల ఉత్తర్వు కావాలి, దాని కోసం తిరుగుతున్నాం.